మస్తాన్ మామకు చిక్కని లీకు

మొన్న వానలు వెలిసినాక మా తమ్ముని మనవడు నంద్యాలలో మా ఇంటికి వచ్చి, వాకిట్లో తన పికప్పు బండి నిలిపి, ఉగ్గాని తిని, కాఫీ తాగి పోయాడు. వాడు పోయినాక చూస్తే వాకిట్లో పరిచిన నాపరాతి మీద అరచేతి వెడల్పున నల్లటి మరక. నేను మోకాళ్ళు పట్టుకుని వంగి, వేలితో తాకి, రెండు వేళ్ళ మధ్య రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇంజను ఆయిలు. సందేహం లేదు. గేరు ఆయిలైతే కుళ్ళిన గుడ్డు వాసన కొడుతుంది, బ్రేకు ఆయిలైతే వేళ్ళ మధ్య నీళ్ళలా జారిపోతుంది. కాలిన వాసన వేసేది ఇంజను ఆయిలొక్కటే. నంద్యాల బస్టాండులో నిలబడితే ఆళ్ళగడ్డలో కారే ఆయిలు వాసన నాకు తెలుస్తుంది. ఇది అబద్ధం. పొయ్యి మీద పప్పు మాడి అడుగంటినా నాకు తెలియదని మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆ ఒక్క వాసన మాత్రం నా ముక్కు మరిచిపోలేదు.

మనవడికి ఫోన్ చేసి బండి షెడ్డుకు తోలించాను, నేనూ వెంట పోయాను. అక్కడి మెకానిక్కు పడుచువాడు. ఆయిల్లో ఏదో రంగు మందు కలిపి, కాసేపు ఇంజను తిప్పి, పచ్చ కళ్ళద్దాలు పెట్టుకుని నీలం లైటు వేశాడు. చిలకరెక్కల రంగులో ఒక గీత మెరిసింది. ఫిల్టరు దగ్గర రబ్బరు రింగు. మేము టీ తాగేలోపల రోగం తేలిపోయింది. నేను ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు.

"దీనికిన్ని దీపాలెందుకప్పా? ఇంజను కడిగి ఇంత ముగ్గుపిండి చల్లింటే చాలు, యాడ తడిస్తే ఆడ తెల్సిపోతాది" అన్నాను.

వాడు లైటు ఆర్పి నావైపు చూసి నవ్వాడు. "ఇంజనుకు ముగ్గేస్తారా తాతా యాడన్నా? ఇదేమన్నా పెండ్లివాకిలా?" అని, మళ్ళీ ఏదో గుర్తొచ్చినవాడిలా, "మా వీధిలో ఒక ముసలాయప్ప ఇదే మాటంటాడు. పొద్దస్తమానం ముగ్గుపిండి, ముగ్గుపిండి అంటాంటాడు. ఆళ్ళగడ్డోడు. మస్తాన్ సాబని. నీకు తెల్సా?" అన్నాడు.

తెలుసు. తెలియకేం. ఆయన ఎప్పుడో పోయుంటాడని నేను అనుకుంటూ ఉన్నాను.

మా నాయన పేరు దావీదు. ఆళ్ళగడ్డలో శిల్పులు చెక్కిన దేవుళ్ళను ఊర్లకు చేరవేయడం ఆయన బతుకుతెరువు. మేము ఆదివారం తప్పకుండా చర్చికి పోయేవాళ్ళం. "ఆదివారం ప్రభువుకు, మిగతా దినాలు మిగతా దేవుళ్ళకు" అని మా అమ్మ ఎగతాళి చేసేది. మిలిటరీవాళ్ళు వేలం వేసిన జీపొకటి ఎవరెవరి చేతులో మారి మా నాయన చేతికి వచ్చింది. వెనక భాగం కోసి, చెక్కలు పరిచి, దాన్ని పికప్పు చేశారు. ఆ చెక్కల మీద వరిగడ్డి మెత్తగా పరిచి, దేవుణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, మొహం మీద తెల్లగుడ్డ కప్పేవాళ్ళు. ఊరు చేరి ప్రతిష్ఠ జరిగితే గానీ ఆ విగ్రహానికి కళ్ళు తెరవరు. అందుకని మా నాయన గుంతలు వచ్చినప్పుడల్లా బండిని నడిపిస్తున్నట్టు కాకుండా ఉయ్యాల ఊపుతున్నట్టు నడిపేవాడు. "పండుకోనుండాడు పాపం, లేపగాకు" అని నాకు చెప్పేవాడు. ఒక్కో దేవుడు ఏనుగంత బరువు ఉండేవాడు. ఏనుగంత అంటే మరీ ఎక్కువైంది. ఐదారుగురు మనుషులు ఊపిరి బిగబట్టి ఎత్తే బరువు.

నేను కాలేజీలో తప్పి, కొత్తగా లైసెన్సు తీసుకుని, నాయన పక్కన కూర్చునే రోజులవి. దేవుడున్నప్పుడు స్టీరింగు నాయనది. ఖాళీ బండి వెనక్కి వచ్చేటప్పుడు నాది. ఆ కాలంలో అహోబిలం కొండదారిలో ఒంటిచేత్తో బండి దింపేవాణ్ణని నేను చాలామందికి చెప్పాను. రెండో చెయ్యి తలుపు గట్టిగా పట్టుకుని ఉండేదని చెప్పలేదు.

మా ఇంట్లో అన్నిటికీ కిరసనాయిలు వాసన అంటుకుని ఉండేది. నాయన సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ గోలెం పక్కన కిరసనాయిలు గిన్నె, దాని పక్కన చౌడుమట్టి పెట్టేది. ఆయన ముందు కిరసనాయిల్తో, తర్వాత చౌడుతో మోచేతులదాకా రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా వేళ్ళ సందుల్లో ఆ వాసన మిగిలేది. ఆయన తన పళ్ళెంలోనుంచి సంగటి ముద్ద తుంచి ఎవరి నోట్లో పెట్టినా అందులో సన్నగా కిరసనాయిలు తగిలేది. అందరి ఇళ్ళల్లో సంగటి అట్లాగే ఉంటుందని చాలాకాలం అనుకున్నాను. ఒకసారి మేనత్త ఇంట్లో తిని, ఇందులో ఏదో తక్కువైందని అడిగానట. ఇది మాత్రం పెంచి చెప్పింది కాదు, అమ్మ బతికున్నంత కాలం చెప్పి నవ్వేది.

ఆ బండిని చూసేది మస్తాన్ మామ. ఆళ్ళగడ్డలో నంద్యాల రోడ్డు మీద రేకుల షెడ్డు ఆయనది. సన్నగా, పొడుగ్గా, వంగితే సగానికి మడిచినట్టు ఉండే మనిషి. మా నాయనా ఆయనా వరసలు కలుపుకున్నదెప్పుడో నాకు తెలియదు. మాకు తెలిసేసరికే ఆయన భార్య ఖాజాబీ మాకు అత్త. ఆదివారం చర్చి అయినాక నాయన తెల్లచొక్కా విప్పకుండానే షెడ్డుకు పోయేవాడు. పని ఉన్నా లేకపోయినా ఇద్దరూ పాత టైర్ల మీద ఎదురెదురుగా కూర్చుని, అమ్మ పంపిన చిత్రాన్నం ఒకే గిన్నెలో తినేవాళ్ళు. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కూడా కాదు. "వాన రాలే" అని ఒకరంటే, చాలాసేపటికి "వస్తాదిలే" అని ఇంకొకరు. రంజానుకు అత్త ఇంటి నుంచి షీర్ కుర్మా మాకు వచ్చేది. క్రిస్మసుకు మా ఇంటి కజ్జికాయలు వాళ్ళకు పోయేవి. వచ్చిన పళ్ళెం ఏ ఇంటినుంచీ ఖాళీగా తిరిగి పోకూడదు. ఏమీ లేకపోతే ఇంత చక్కెరన్నా వేసి పంపాలి. అది రెండు ఇళ్ళకూ నియమం.

ఆయిలు కారే బండి వస్తే మస్తాన్ మామ వెంటనే స్పానరు పట్టేవాడు కాదు. "కింద సుక్క పడిందని కిందనే ఎతికేటోడు మెకానిక్కు కాదప్పా" అనేవాడు. ఆయిలు పైనెక్కడో పుట్టి, గాలికి వెనక్కి పారి, ఇంజను అంచులన్నీ పట్టుకుని దిగి, తనకు ఇష్టమొచ్చిన చోట చుక్కై పడుతుంది. కనిపించే తడిలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న తడి ఎక్కడో అదే దాని పుట్టిల్లు. ముందు ఇంజనంతా కిరసనాయిల్తో కడిగి ఆరబెట్టేవాడు. తర్వాత ముగ్గుపిండి గుడ్డలో మూటకట్టి, చంటిపిల్లకు పౌడరద్దినట్టు ఇంజనంతా అద్దేవాడు. సాయబుల ఇంట్లో ముగ్గుపిండి ఎందుకుంటుంది? అది శిల్పి పెద్దాచారి ఇంటి నుంచి వచ్చేది, తెచ్చిపెట్టేది మా నాయన. ఆచారి ఇంటి ముగ్గుపిండిని చర్చికి పోయే మనిషి మోసుకొస్తే మసీదుకు పోయే మనిషి ఇంజనుకు పూసేవాడు. కాసేపు బండి తిప్పుకొచ్చి బానెట్టు ఎత్తితే తెల్లటి పిండి మీద నల్లటి దారి కనిపించేది. దాన్ని పట్టుకుని పైకి పోతే చిరిగిన ప్యాకింగో, అరిగిన వాషరో దొరికేది. ప్యాకింగు అట్టను మూత మీద పెట్టి, అంచు వెంబడి గుండు సుత్తితో టకటక కొట్టుకుంటూ పోతే అది కత్తెరతో కోసినట్టు తెగేది. రాగి వాషరును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడి కొత్తదానిలా కూర్చునేది. ఆయన చేతిలో తిరిగి కారిన బండి లేదని చుట్టుపక్కల పేరు.

ఒకసారి అవుకు దగ్గర ఒక పల్లెకు ఆంజనేయస్వామిని చేర్చాం. ఊరంతా డప్పులతో ఎదురొచ్చింది. స్వామిని దించినాక రేడియేటరులో నీళ్ళు పోయడానికి నాయన బానెట్టు ఎత్తి పెట్టాడు. అప్పుడొక అవ్వ పసుపు కుంకుమల పళ్ళెంతో బండి దగ్గరికి వచ్చింది.

"బండికి పానం యాడుంటాదప్పా?" అని నాయనను అడిగింది.

"ఈడనే అవ్వా, ఈ ఇంజన్లో" అని నాయన నవ్వుతూ చూపించాడు.

"అట్లయితే ఈడనే కడ్తా. మా సామిని పసిబిడ్డ మాదిరి పండుకోబెట్టుకోని తెచ్చినావు. నీ బండి ఇంకా శానామంది సాముల్ని మోయాల."

పసుపు గుడ్డలో ఇన్ని బియ్యపు గింజలు, ఒక వక్క, చిటికెడు కుంకుమ వేసి ముడుపు కట్టింది. ఇంజను పక్కన వంగి ఉన్న గొట్టం ఒకటి ఆమె చేతికి అందితే దానికే చుట్టి, పసుపుదారంతో గట్టిగా బిగించి, దండం పెట్టుకుంది. నాయన కూడా, అలవాటు లేకపోయినా, చేతులు జోడించాడు.

ఆ నెల దాటకుండానే బండి కారడం మొదలైంది. మస్తాన్ మామ బానెట్టు ఎత్తి ముందుగా ఆ గుడ్డనే చూశాడు.

"ఇది ఏందీ దావీదు బావా?"

"ముడుపు. సామిని తెచ్చినందుకు ఆ ఊరోళ్ళు కట్టినారు."

"ఓహో." గుడ్డ దాకా పోయిన చెయ్యిని మామ వెనక్కి తీసుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు. "అట్లయితే నేను ముట్టనప్పా. నా చేతులంతా గ్రీసు."

"నేను మాత్రం ముడ్తానా? చర్చీవోడు సామి గుడ్డ పీకేసినాడని ఆచారికి తెలిస్తే ఏమనుకుంటాడు?"

"అనుకోడా మరి. ఉండనీలే. దాని జోలికి మనమెందుకు?"

ఆ తర్వాత మామ చేయని పని లేదు. పై మూత ప్యాకింగు మార్చాడు. తగ్గినట్టే తగ్గి, కింద ఆయిలు నిలిచే సంపు దగ్గర కారింది. సంపు దించి ప్యాకింగు వేశాడు. ముందు సీలు దగ్గర కారింది. అది మారిస్తే వెనక సీలు. ఒక చోట మూస్తే ఇంకో చోట కారుతుంది. ఆయిలు చూసే పుల్ల దానంతటదే పైకి లేచి ఉండేది. దాన్ని మళ్ళీ నొక్కిపెట్టేవాడు. ప్రతిసారీ ఇంజను కడిగాడు. ప్రతిసారీ ముగ్గుపిండి అద్దాడు. ఆ పసుపు గుడ్డ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి చుట్టూ తిప్పి, దాని మీద పిండి కూడా పడకుండా, అక్కడ దీపం వెలుగుతున్నట్టు పక్కకు జరిగిపోయేవాడు. గుడ్డ నల్లబడింది, ఆయిలు ఆవిరికీ దుమ్ముకూ గట్టిపడి అట్ట కట్టింది. అయినా మాలో ఎవ్వరికీ దాని మీద చూపు నిలవలేదు. నిలవకూడదని అందరమూ మర్యాదగా చూపు తిప్పుకున్నాం.

షెడ్డు ముందు నిలబడి పోయేవాళ్ళు మాటలు విసిరేవాళ్ళు. "ఏం మస్తానూ, దావీదు బండికి జలుబు తగ్గల్యా?" అని ఒకడు. "ఆయిలు మిల్లు పెట్టుకోండప్పా ఇద్దరూ" అని ఇంకొకడు. మామ నవ్వేవాడు. కానీ ఆదివారం చిత్రాన్నం తినేటప్పుడు కూడా ఆయన కళ్ళు బండి కిందే ఉండేవి. గిన్నె దించి మధ్యలో లేచిపోయి, బండి కింద పడుకుని చూసి వచ్చేవాడు. పేరు పోతుందన్న భయం ఆయనది. పని పోతుందన్న భయం మా నాయనది. ఒకరి భయం ఒకరికి తెలుసు గనుక కొన్నాళ్ళు ఓర్చుకున్నారు.

ఆ ఓర్పు కొలిమిగుండ్ల దారిలో తెగింది. గడ్డిలో అమ్మవారు పడుకుని ఉంది. తెల్లవారితే ప్రతిష్ఠ. ఆయిలంతా కారిపోయి, ఇంజను గరగరమని అరిచి, పొలాల మధ్య ఆగిపోయింది. ఊరివాళ్ళు ఎద్దులబండి తెచ్చి ఎండలో అమ్మవారిని మార్చుకుని పోయారు. పెద్దాచారి నాయనను పిలిచి, గట్టిగా కూడా కాదు, మెల్లగానే అన్నాడు: "దావీదూ, బండి సంగతి తేల్చుకో. దేవుణ్ణి దోవలో నిలబెడితే ఊర్లల్లో నాకు మొగముండదు."

నాయన అక్కడి నుంచి నేరుగా షెడ్డుకు పోయాడు. నేను వెనకే ఉన్నాను. షెడ్డులో వేరే బండ్లవాళ్ళు కూడా ఉన్నారు. "నీ చెయ్యి పోయింది మస్తానూ" అన్నాడు.

"ఏమంటివి బావా?"

"నీ చెయ్యి పోయింది అంటాండా. ఇన్నిసార్లు ఇప్పితివి, బిగిస్తివి. చేతకాకుంటే చేతకాదని చెప్పగూడదా? నా కూడు పోతాండాది."

మామ చేతిలోని స్పానరు కింద పెట్టి, గుడ్డకు చేతులు తుడుచుకుని, పని సగంలో ఉన్న బండిని అట్లాగే వదిలి ఇంటికి నడిచిపోయాడు. ఆ పూట షెడ్డు మళ్ళీ తెరవలేదు.

మరుసటి రోజు బండిని లారీకి కట్టి నంద్యాలకు లాక్కుపోయాం. అక్కడొక మెకానిక్కు మాకు ముక్కూమొహం తెలియనివాడు. ఆ లీకు కనిపెట్టింది నేనేనని నేను చాలా పెళ్ళిళ్ళలో, చాలా పంక్తుల్లో చెప్పాను. నిజానికి ఆ సమయానికి నేను రోడ్డవతల మిరపకాయ బజ్జీలు కట్టించుకుంటున్నాను. పొట్లం పట్టుకుని వచ్చి నిలబడేసరికి ఆ మెకానిక్కు బానెట్టు ఎత్తి, ఒక్క చూపు చూసి, అరుస్తున్నాడు.

"ఎవురప్పా దీని మూతికి గుడ్డ కట్టింది? ఊపిరాడక సస్తాంటే కారక ఏం జేస్తాది?"

ఆ వంగిన గొట్టం ఇంజను ఊపిరి వదిలే గొట్టం. లోపల పుట్టిన పొగా ఆవిరీ దాంట్లోంచే బయటికి పోవాలి. అది మూసుకుంటే లోపలి ఒత్తిడి ఆయిలును దొరికిన ప్రతి సందులోంచీ బయటికి నెడుతుంది. అన్ని ప్యాకింగులూ, అన్ని సీళ్ళూ మంచివే. మామ చేసిన పనంతా మంచిదే. ఆ మనిషి బ్లేడుతో దారం కోసి, గట్టిపడిన గుడ్డను చెత్తడబ్బాలోకి విసిరేశాడు. మా నాయన పోయి, ఆ గుడ్డను చెత్తలోంచి తీసి, దులిపి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అరిగిన బేరింగులు మార్పించి, కొన్నాళ్ళకు బండి తెచ్చుకున్నాం. తిరుగు దారిలో ఒక్క చుక్క కారలేదు. బండి నేనే నడుపుతున్నాను. ఆళ్ళగడ్డ మొదట్లో మామ షెడ్డు కనిపించగానే నేను బండి నెమ్మది చేశాను. మంచి కబురు కదా, చెబుతాడనుకున్నాను. నాయన మొహం అవతలివైపు తిప్పుకుని, "పోనీ... పోనీ ముందరికి" అన్నాడు.

ఆ రాత్రి అమ్మ అడిగితే ఆయనన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "ఏమని చెప్పేది? నా దేవుడు కాదని నేను ముట్టకపోతి. వాని దేవుడు కాదని వాడు ముట్టకపోయె. తిట్లు తినింది మాత్రం వాడొక్కడే."

"ఆ మాటే పోయి వానికి చెప్పయ్యా" అంది అమ్మ.

పోతానన్నాడు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని, బండి తీసుకుని బయలుదేరేవాడు. కాసేపటికే తిరిగొచ్చేవాడు. "ఏమాయె?" అని అమ్మ అడిగితే, "షెడ్డు కాడ బండి పెట్టేకి చోటు లేదు" అనేవాడు. కొన్ని ఆదివారాలు అట్లా గడిచాయి. తర్వాత అమ్మ అడగడం మానేసింది, ఆయన బయలుదేరడం మానేశాడు. ఆ క్రిస్మసుకు అమ్మ కజ్జికాయలు పళ్ళెంలో పెట్టి, పైన గుడ్డ కప్పి, నాకిచ్చి పంపింది. ఖాజాబీ అత్త తీసుకుని లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు పళ్ళెం శుభ్రంగా తోమి ఉంది, తడి కూడా తుడిచి ఉంది. అందులో ఏమీ లేదు. "మీ మామ ఇంట్లోనే ఉండాడు నాయనా" అంది, నా మొహం చూడకుండా. ఇంటికి తెచ్చి ఇస్తే అమ్మ ఆ పళ్ళెం పట్టుకుని వాకిట్లో చాలాసేపు నిలబడింది. నాయన అదంతా చూశాడు. సంగటి కలుపుకుని, తినకుండా లేచిపోయాడు.

మామ ఇంజన్ల పని మానుకున్నాడని తర్వాత విన్నాం. నాయన అన్న మాట ఊరంతా పాకింది, ఆయిలు కన్నా వేగంగా. ఎవరన్నా ఇంజను బండి తెస్తే, "నా చెయ్యి పోయిందప్పా, వేరేచోట చూసుకో" అనేవాడట. ట్యూబులకు పంచర్లు వేశాడు కొన్నాళ్ళు. తర్వాత షెడ్డు చేతులు మారింది, వాళ్ళు ఊరు విడిచారు. మా నాయన ఇంకా శానామంది దేవుళ్ళను మోశాడు, బండ్లు మార్చాడు, ముసలివాడై నంద్యాలలో మా దగ్గరే కన్నుమూశాడు. ఇద్దరూ ఇదే ఊర్లో, నడిచిపోయేంత దూరంలో ఉన్నారన్న సంగతి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇప్పుడు ఆ పడుచు మెకానిక్కు సంగతి ఒకటి చెప్పాలి. మా మనవడి బండి ఇంజనుకు వాడు సరుకు మోసిపెట్టే టమాటా రైతులెవరో నిమ్మకాయల దండ కట్టారు. మా వాడూ చర్చికి పోయేవాడే, ఉండనిచ్చాడు. ఆ పిల్లవాడు పని మొదలుపెట్టేముందు దాన్ని విప్పి, శుభ్రమైన గుడ్డ మీద పక్కన పెట్టాడు. పని అయినాక మళ్ళీ దాని చోట దాన్ని కట్టేశాడు. ఈ కాలం పిల్లలకు మర్యాద తెలియదని రాద్దామని నేను నా జ్ఞాపకాల్లో ఈ అధ్యాయం మొదలుపెట్టాను. ఆ పని చూసినాక ఆ వాక్యం రాయలేకపోతున్నాను. విప్పి, పక్కన పెట్టి, మళ్ళీ కట్టడం. అంతే. మా వాళ్ళిద్దరికీ ఆ ఆలోచన ఎందుకు రాలేదో నాకు అంతుపట్టదు. మర్యాద వాళ్ళకే ఎక్కువ ఉండింది. ఒకరినొకరు అడిగే చనువు కూడా ఉండింది. ఆ ఒక్కచోట మాత్రం లేకపోయింది.

చాలా రోజులు వెనకాముందాడి, పోయిన శుక్రవారం సాయంత్రం మస్తాన్ మామ ఇంటికి పోయాను. కూతురింట్లో ఉంటున్నాడు. వాకిట్లో నులకమంచం మీద, చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు మసకలు. ఖాజాబీ అత్త పోయి చాలాకాలమైందని ఆయన కూతురు చెప్పింది.

"ఎవురూ?" అన్నాడు.

"నేను మామా. ఆళ్ళగడ్డ దావీదు కొడుకుని."

"పికప్పు దావీదా?"

"ఊ."

తల ఎత్తి నా గొంతు వచ్చిన వైపు చూశాడు. "ఆ బండి కారేది నిల్చిందా?" అన్నాడు.

నేను మంచం అంచున కూర్చుని, నాయన పోయిన సంగతి చెప్పి, ఆ తర్వాత బండి సంగతి చెప్పాను. ఈసారి ఏమీ పెంచలేదు, ఏమీ తగ్గించలేదు. పసుపు గుడ్డ, వంగిన గొట్టం, బ్లేడు, చెత్తడబ్బా. ఆయన పెదాలు కదుపుతూ విన్నాడు. వింటూ వింటూ ఒకసారి నుదురు కొట్టుకున్నాడు. "గొట్టం మెడకు కట్టినారనుకుంటి అప్పా. మూతికి కట్టినారని అనుకోల్యా. ఒక్కసారి తాకి చూసింటే..." అని చెయ్యి గాలిలో చాచి, ఆ గొట్టాన్ని పట్టుకున్నట్టు వేళ్ళు మూశాడు. నవ్వాడు కూడా. "సీళ్ళు మంచివే అన్నమాట. ప్యాకింగూ మంచిదే."

"అన్నీ మంచివే మామా. నీ చెయ్యి పోలేదు."

ఆ మాట చెప్పడానికే నేను పోయింది. ఆయన మొహంలో వెలుగు చూద్దామనుకున్నాను. వచ్చింది, కాసేపే. తర్వాత ఆయన ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు ఆగిపోయాడు.

"మీ నాయనకు ఇది ఎప్పుడు తెల్సింది?"

"అప్పుడే మామా. నంద్యాలలో, నా ముందరనే."

"అప్పుడేనా?" అన్నాడు. చేతికర్రను దగ్గరికి లాక్కున్నాడు. "నేను వేరే మాదిరిగా అనుకుంటి. నా పని చెడింది, ఆయప్పకు కోపమొచ్చింది, రాల్యా అని. అది నాయమే కదా. తప్పు నాదైతే ఏం బాధ లేదప్పా. తెల్సీ రాల్యా అంటివే ఇప్పుడు..."

నేను ఎందుకు పోయానా అనిపించింది. తేలిక చేద్దామని పోయి, ఇంతకాలం ఆయన సర్దుకుని మోసుకుంటున్న బరువును దించి, అంతకన్నా పెద్దది ఎత్తిపెట్టాను. నోటికొచ్చింది చెప్పాను. "వచ్చేటోడు మామా. ఆదివారాలు తెల్లచొక్కా వేసుకోని బయల్దేరేటోడు. షెడ్డు కాడ బండి పెట్టేకి చోటు లేదని మళ్ళుకోని వచ్చేటోడు."

"చోటు ల్యాకపోయేదేందప్పా?" అన్నాడు మామ. గొంతు పెరిగింది. "ఆదివారం అయితే షెడ్డు ముందర ఇంగో బండి నిలపనిస్తాంటినా నేను? ఆయప్ప కోసరం ఖాళీగా పెట్టింటి కదా."

కూతురు లోపలినుంచి వచ్చి, నాన్న గొంతు పెరిగిందేమని తొంగిచూసి, టీ గ్లాసులు పెట్టి పోయింది. ఆయన గ్లాసు కోసం వెతుక్కుంటుంటే నేను చేతికి అందించాను. తాగలేదు. రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాడు.

"పోయేటప్పుడు నన్ను అడిగినాడా?" అన్నాడు.

ఇన్నేళ్ళ నా బతుకులో అడగనివాళ్ళకు కూడా అబద్ధాలు చెప్పాను. ఏనుగంత దేవుళ్ళు, ఒంటిచేతి కొండదారులు, నేను కనిపెట్టిన లీకులు. ఒక్క మాట చాలు, అడిగినాడు మామా అని. నోరు తెరిచాను. మా నాయన చివరి రోజులు కళ్ళముందుకొచ్చాయి. అమ్మను అడిగాడు, మంచినీళ్ళు అడిగాడు, కిటికీ తెరవమని అడిగాడు. ఆ పేరు ఎత్తలేదు. తెరిచిన నోరు మూసుకున్నాను.

మామ కాసేపు చూశాడు. మసక కళ్ళతో ఏం కనిపించిందో తెలియదు. నా మోకాలి మీద చెయ్యి వేసి, మెల్లగా తట్టాడు.

"అడిగింటాడులే అప్పా" అన్నాడు. "నువ్వు బయట యాడనో ఉన్నింటావు."